‘అసలైన’ రుచి: ఒక నైతిక సమస్య

అమెరికా దక్షిణ రాష్ట్రాల నగరాలకు వెళ్ళే యాత్రికులూ, అక్కడ కొత్తగా కాపురం పెట్టిన ఉద్యోగులూ తరచు రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. “ఈ ఊళ్ళో అసలైన ఇటాలియన్ భోజనం ఎక్కడ దొరుకుతుంది?” అనేది మొదటిది. “ఇటాలియన్ల పేట ఎక్కడుంది?” అనేది రెండోది. పైకి ఇవి ఆకలికీ, కుతూహలానికీ సంబంధించిన ప్రశ్నలు. కాని వీటి అడుగున ఒక నైతిక సమస్య ఉన్నదనీ, అది ఇటాలియన్లదే కాక మనది కూడాననీ నా అభిప్రాయం.

ఈ సమస్యకు రెండు సులభమైన సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. రుచి వ్యక్తిగతం, ఎవరికి నచ్చింది వారు తింటారు, ఇందులో నీతికేం పని అనేది ఒకటి. ఇదంతా కడుపు నిండినవాళ్ళ విలాసం, శ్రామికవర్గానికి దీనితో నిమిత్తం లేదు అనేది రెండోది. మొదటిది ఉదారవాదుల మాట. రెండోది మనలో కొందరి మాట. రెండూ ఒకే పని చేస్తాయి: ఆ పళ్ళెం వెనక ఉన్న చరిత్రను చూడనక్కర లేకుండా చేస్తాయి. అంచేత రెండింటినీ పక్కనపెట్టి, ఒక నగరాన్ని తీసుకుని పరిశీలిద్దాం. ఆ నగరం లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్.

1

పేట అనేది ఎలా పుడుతుంది? ఒక జాతివాళ్ళు తమ భాషమీద, తిండిమీద మమకారంతో ఒకచోట చేరతారనీ, అలా పేట ఏర్పడుతుందనీ చాలామంది నమ్మకం. మమకారం లేదని కాదు. కాని మమకారం ఒక్కటే పేటలు కట్టదు. అద్దె కడుతుంది, కూలిరేటు కడుతుంది, పక్కవాడి ద్వేషం కడుతుంది.

1865లో అమెరికాలో బానిసత్వం రద్దయింది. లూసియానా చెరకు తోటల యజమానులకు అంతవరకూ జీతం లేకుండా చేసిన నీగ్రో శ్రామికులు ఇక కూలి అడగటం మొదలుపెట్టారు. 1887 నవంబరులో సుమారు 10,000 మంది చెరకు కూలీలు సమ్మె కట్టారు. రోజుకు 1.25 డాలర్లు ఇవ్వాలనీ, తోట దుకాణంలో తప్ప మరెక్కడా చెల్లని చీటీలకు బదులు నగదు ఇవ్వాలనీ వాళ్ళ కోరిక. నవంబరు 23న తిబొడో పట్టణంలో సాయుధులైన తెల్లవాళ్ళు నల్లవాళ్ళ ఇళ్ళమీద పడి కాల్చి చంపారు. చనిపోయినవాళ్ళు కనీసం 30 మంది అని చరిత్రకారులు చెబుతారు. అంతకు చాలా ఎక్కువ అనేవాళ్ళూ ఉన్నారు. సమ్మె విరిగిపోయింది.

ఇలా గొంతెత్తే కూలీలకు బదులు గొంతెత్తని కూలీలను తోట యజమానులు వెదుకుతూ వచ్చారు. వాళ్ళ చూపు సిసిలీ మీద పడింది. పలెర్మో రేవునుంచి న్యూ ఆర్లియన్స్‌కు నేరుగా ఓడలు నడిచాయి. సిసిలీ రైతు ఎందుకు ఓడ ఎక్కాడు? అక్కడ భూమంతా పెద్ద ఎస్టేట్ల కింద ఉంది. భూస్వామి పట్నంలో ఉంటాడు. మధ్య కౌలుదారు రైతును పిండుతాడు. ఇటలీ ఏకమైన తరువాత పన్నులు పెరిగాయే గాని భూమి చేతులు మారలేదు. 1890ల మొదట సిసిలీ రైతులూ, గంధకపు గనుల కూలీలూ ‘ఫాషీ’ అనే సంఘాలు పెట్టుకుని లేచినప్పుడు, తానూ సిసిలీ బిడ్డే అయిన ప్రధాని క్రిస్పీ 1894 జనవరిలో సైనిక శాసనం విధించి ఆ సంఘాలను అణచివేశాడు. ఆ తరువాత ఓడలు మరింత నిండాయి.

1926లో గ్రాంషీ ఇటలీ దక్షిణ ప్రాంత సమస్యమీద రాసిన వ్యాసంలో ఒక ముఖ్య విషయం ఎత్తిచూపాడు. దక్షిణాదివాళ్ళు పుట్టుకతోనే సోమరులు, నేరస్థులు అనే ప్రచారం ఉత్తరాది శ్రామికుల మెదళ్ళలోకి ఎలా ఎక్కిందో, దానివల్ల శ్రామికులూ రైతులూ ఏకం కాకుండా ఎలా పోయారో వివరించాడు. ఆ అపవాదు రైతుతోపాటే ఓడెక్కింది. ఒక దక్షిణాదినుంచి మరొక దక్షిణాదికి, ఎస్టేటునుంచి తోటకు సిసిలీ మనిషి ప్రయాణం చేశాడు. ఇటలీలో సోమరి అన్నవాణ్ణే లూసియానాలో ‘కష్టపడే కూలీ’ అని ఎందుకు పొగిడారు? సోమరితనం రక్తంలో లేదనీ, పొగడ్తకూ తెగడ్తకూ మూలం యజమాని అవసరమేననీ ఇంతకంటె వేరే రుజువు కావాలా?

చెరకు కోత కాలానికి ఆ కూలీలు ‘జుక్కరాటా’ అని తమ మాటలో పేరు పెట్టుకున్నారు. కోత అయిపోగానే చాలామంది నగరం చేరేవారు. రేవులో అరటిగెలలు దించేవారు, అంగట్లో కూరలు అమ్మేవారు. ఫ్రెంచి క్వార్టరు దిగువ భాగంలో ధనికులు వదిలిపోయిన పాత మేడలను గదులు గదులుగా విడగొట్టి అద్దెకిస్తే, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం దూరింది. దానికే ‘లిటిల్ పలెర్మో’ అని పేరు వచ్చింది. ఈనాడు అందంగా కనిపించే ఆ ఇనప కమ్మీల వసారాల కింద ఆనాడు ఆరేసిన బట్టలూ, దగ్గే పిల్లలూ ఉండేవారు. పేట పుట్టిన కథ ఇది.

2

1890 అక్టోబరులో ఆ నగర పోలీసు అధిపతి డేవిడ్ హెన్నెసీని ఎవరో కాల్చి చంపారు. వెంటనే ఇటాలియన్లను గుంపులుగా నిర్బంధించారు. 19 మందిమీద నేరం మోపారు. మొదట తొమ్మిదిమందిని విచారించారు. 1891 మార్చి 13న జూరీ ఆరుగురిని నిర్దోషులన్నది. ముగ్గురి విషయంలో తీర్పు చెప్పలేకపోయింది. మరునాడు ఉదయం వేలాదిమంది పోగై, కారాగారం తలుపులు బద్దలుకొట్టి, 11 మందిని చంపారు. వాళ్ళలో అసలు విచారణకే రానివాళ్ళు కూడా ఉన్నారు.

ఆ మూకను నడిపించినవాళ్ళు తాగుబోతులు కారు; న్యాయవాదులు, వర్తకులు, ఊరి పెద్దలు. వాళ్ళలో ఒకడైన జాన్ పార్కర్ 1920లో ఆ రాష్ట్రానికి గవర్నరయ్యాడు. తరువాత దేశాధ్యక్షుడైన థియోడర్ రూజ్వెల్టు ఆ హత్యాకాండ మంచిపనే అన్నట్లు ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. శిక్ష పడినవాడు ఒక్కడూ లేడు. ఇటలీ తన రాయబారిని వెనక్కి పిలిచింది. 1892లో అమెరికా ప్రభుత్వం 25,000 డాలర్లు పరిహారం చెల్లించింది. నగరం తరఫున మేయరు క్షమాపణ చెప్పింది 2019లో.

ఇక్కడ ఒక పోలిక అవసరం. చనిపోయిన సిసిలీవాడికి ఒక రాజ్యం ఉంది, రాయబారి ఉన్నాడు. అంచేత అతని ప్రాణానికి ఒక ధర కట్టారు. తిబొడోలో చనిపోయిన నీగ్రో కూలీకి రాయబారి లేడు. అతన్ని కాపాడవలసిన రాజ్యం హంతకుల చేతిలోనే ఉంది. అతని ప్రాణానికి ఆ మాత్రపు ధర కూడా లేదు. అణచివేతలోనూ అంతస్తులుంటాయి. వాటిని మరచి ‘వలసవచ్చినవాళ్ళందరూ బాధితులే’ అని ఒకే గాట కట్టటం చరిత్ర కాదు.

3

ఇప్పుడు రుచి విషయానికి వద్దాం. న్యూ ఆర్లియన్స్‌లో ‘అసలైన’ ఇటాలియన్ తిండి అని యాత్రికుడికి చూపించేది మఫులెట్టా. నువ్వులద్దిన పెద్ద గుండ్రని రొట్టె. మధ్యలో ఉప్పు పట్టించిన మాంసపు ముక్కలు, చీజు, వాటిమీద నూనెలో ఊరిన ఆలివ్ కాయల మిశ్రమం. అది మన ఊరగాయకు దూరపు చుట్టం. రొట్టెకు ఆ పేరు సిసిలీదే. కాని ఈ కూర్పు సిసిలీలో పుట్టలేదు. 1906లో సాల్వతోరె లూపో అనే వలసవర్తకుడు డెకాటూర్ వీధిలో తెరిచిన సెంట్రల్ గ్రోసరీలో పుట్టిందని చెబుతారు. అంగడికి కూరలు తెచ్చిన సిసిలీ రైతులు రొట్టె, మాంసం, చీజు, ఆలివ్ కాయలు విడివిడిగా కొనుక్కుని, పీపాలమీదా పెట్టెలమీదా కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని తంటాలుపడుతూ తినేవారట. అన్నీ రొట్టెలో పెట్టి ఇస్తే సుఖమని ఆయనకు తోచింది. అంటే ఆ ‘అసలైన’ వంటకం తల్లి ఒడిలోంచి దిగిరాలేదు. కూర్చుని తినటానికి బల్ల లేని మనిషి అవసరంలోంచి వచ్చింది.

మరొకటి పో-బాయ్. ‘పేద కుర్రాడు’ అనే మాటకు అది నగర యాస. 1929 జులైలో ఆ నగరంలో ట్రాం కార్మికులు సమ్మె చేశారు. ఒకప్పుడు ట్రాముల్లో కండక్టర్లుగా పనిచేసి, తరువాత హోటలు పెట్టుకున్న మార్టిన్ సోదరులు సమ్మె చేసేవాళ్ళకు ఉచితంగా తిండి పెట్టారు. సమ్మెకారుడు గుమ్మంలోకి వస్తే ‘అదుగో మరో పేద కుర్రాడు’ అనేవారనీ, ఆ మాటే తిండికి పేరయిందనీ కథ. మొదట్నుంచి చివరిదాకా ఒకే వెడల్పు ఉండి, ముక్కలు సమానంగా వచ్చేలా పొడుగాటి రొట్టె వాళ్ళకు చేసిపెట్టినవాడు జాన్ జెండుసా అనే సిసిలీ రొట్టెలవాడు. ఇది ఇటాలియన్ తిండా, ఫ్రెంచి తిండా, అమెరికన్ తిండా? సమ్మె తిండి అనటమే నిజానికి దగ్గర. అయితే ఇక్కడ కూడా కథను తియ్యగా ముగించటానికి వీలులేదు. ఆ ట్రాముల్లో నల్లవాళ్ళను వేరుచేసే పలకలు 1958 దాకా తొలగలేదు. సంఘీభావం రొట్టె ఆ పలక దగ్గర ఆగిపోయింది.

ఇంతకూ ఇటలీ వంటకు ప్రాణమనుకునే టమాటా ఇటలీది కాదు. పదహారో శతాబ్దంలో అమెరికా ఖండాలనుంచి వెళ్ళింది. మన గుంటూరు పేరు చెప్పగానే గుర్తుకొచ్చే మిరపకాయ కూడా అక్కడిదే. పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. దానికి ముందు మన కారం మిరియాలది. మరి ‘అనాది’ అనే మాటకు అర్థమేమిటి? ఒక తరానికి తన తాతమ్మ వండినదే అనాదిగా కనిపిస్తుంది.

4

“అలాగైతే అసలూ లేదు, నకిలీ లేదు, ఏదో ఒకటి తింటే సరి” అని ఎవరైనా అడగవచ్చు. ఈ ఆక్షేపణ బలమైనదే. ఏదీ స్వచ్ఛం కాదు గనక అన్నీ సమానమే అనే వాదం వర్తకుడికి చాలా అనుకూలం. ఎర్రగళ్ళ గుడ్డ పరచి, డబ్బా పచ్చడి పోసి, గోడకు పలెర్మో బొమ్మ తగిలించి ధర రెట్టింపు చేసేవాడికి ఈ తత్వం వరప్రసాదం.

నా దృష్టిలో ఇక్కడ రెండు విషయాలు కలగాపులగమైనాయి. ఒకటి స్వచ్ఛత, రెండోది నిజాయితీ. స్వచ్ఛత రక్తాన్ని అడుగుతుంది: ఇది ఎవరి వంశంలోది, ఎంత కల్తీ లేనిది అని. నిజాయితీ సంబంధాన్ని అడుగుతుంది: ఈ వంటను ఎవరు, ఎవరికోసం, ఏ పరిస్థితులలో చేశారు, వాళ్ళకూ ఈ పళ్ళేనికీ ఏ లంకె ఉన్నది అని. మొదటి ప్రశ్న జాతివాదానికి దారి తీస్తుంది. 1891లో కారాగారం తలుపు పగలగొట్టినవాళ్ళు నమ్మింది కూడా రక్తాన్నే. రెండో ప్రశ్న చరిత్రకు దారి తీస్తుంది. మఫులెట్టా స్వచ్ఛం కాదు, కాని నిజం.

ఆ నగరంలోని సిసిలీవాళ్ళు ఏటా మార్చి 19న సెయింట్ జోసెఫ్ పేరిట పెద్ద బల్లలు అలంకరించి రొట్టెలూ, చేపలూ, పిండివంటలూ పేరుస్తారు. వడ్రంగి దేవుడు గనక ఆయన రంపపు పొట్టుకు గుర్తుగా సేవలమీద రొట్టె పొడి చల్లుతారు. ఒకానొక కరువులో సిసిలీని బతికించిందని చిక్కుడు జాతి గింజ ఒకటి చేతిలో పెడతారు. ఆ తిండి అమ్మరు. వచ్చినవాళ్ళకు, ముఖ్యంగా పేదలకు, పెడతారు. నేను మతవిశ్వాసిని కాను. అయినా ఆ బల్లలో కరువు జ్ఞాపకమూ, శ్రమ గౌరవమూ ఉన్నాయని గుర్తించటానికి విశ్వాసం అక్కరలేదు. కొనేవాడూ అమ్మేవాడూ అనే సంబంధం వెలుపల కూడా వంటకు ఒక జీవితం ఉన్నదని ఆ బల్ల చెబుతుంది.

5

పేటను ప్రేమించేవాళ్ళు మరచే విషయం ఇంకొకటి ఉంది. జాతి ఒక్కటే అయినంతమాత్రాన వర్గం ఒకటి కాదు. సిసిలీనుంచి వచ్చిన వక్కారో సోదరులు 1899లో హోండురాస్ తీరంలోని లా సేబానుంచి అరటిపళ్ళు తెప్పించటం మొదలుపెట్టి, తరువాత స్టాండర్డ్ ఫ్రూట్ కంపెనీ అధిపతులైనారు. ఎస్టేటునుంచి పారిపోయి వచ్చిన జనంలోంచే మరొక దేశంలో ఎస్టేట్లు స్థాపించే పెట్టుబడిదారులు పుట్టారు. సిసిలీ వలసదంపతుల కొడుకు నిక్ లరోకా 1917లో తన బృందంతో మొట్టమొదటి జాజ్ రికార్డు ఇచ్చాడు; ఆ సంగీతాన్ని సృష్టించటంలో నల్లవాళ్ళ పాత్ర ఏమీ లేదని జీవితాంతం వాదించాడు. నిన్నటిదాకా తెల్లవాడిగా లెక్కకు రానివాడు తెల్లవాడయ్యే మార్గం ఇదే: తన కిందివాణ్ణి చూపించి నేను వాణ్ణి కాను అనటం.

ఆ మార్గానే ఇటాలియన్లు రెండో ప్రపంచయుద్ధం తరువాత క్రమంగా లిటిల్ పలెర్మో వదిలి శివార్లలో ఇళ్ళు కట్టుకున్నారు. పేట ఖాళీ అయింది. ఖాళీ అయిన తరువాతే అందరికీ ముద్దొచ్చింది. పక్కనే ఉన్న ట్రెమే నల్లవాళ్ళ పేట గతి వేరు. వాళ్ళ పండుగలకూ వ్యాపారాలకూ నిలయమైన క్లెయిబోర్న్ అవెన్యూలోని ఓక్ చెట్లను 1966లో నరికి, నెత్తిమీదుగా పెద్ద రహదారి వేశారు. ఒక పేటను కాపాడటానికి చట్టం ఉంది, మరొక పేటను పూడ్చటానికి కాంక్రీటు ఉంది. పేటలను వెదికే యాత్రికుడు ఏ పేట మిగిలింది అని మాత్రమే చూస్తాడు. ఏది మిగలనివ్వలేదు అని అడగడు.

1975లో సైగాన్ పతనం తరువాత వచ్చిన వియత్నాం శరణార్థులు నగరం తూర్పు కొసన చేరారు. ఫ్రెంచివాళ్ళు వియత్నాంకు మోసుకెళ్ళిన రొట్టె, వియత్నాం చేతుల్లో మారి, ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళే ఏలిన ఈ నగరానికి వచ్చింది. నేడు పో-బాయ్ రొట్టె కాల్చే బట్టీల్లో వాళ్ళవీ ఉన్నాయి. 2005 కత్రీనా తుఫాను తరువాత, కూలిన ఇళ్ళ చెత్తనంతా వాళ్ళ ఇళ్ళ దగ్గరే పోయటానికి నగరం పూనుకుంది. వియత్నాం వృద్ధులూ, యువకులూ, ఇరుగుపొరుగు నల్లవాళ్ళూ కలిసి పోరాడి 2006లో ఆ చెత్తదిబ్బను మూయించారు. నన్నడిగితే ఆ పేటలో చూడవలసిన ‘అసలు’ వస్తువు ఇదే. కాని దీన్ని ఏ హోటలూ వడ్డించదు.

6

మనకు దీనితో ఏం పని? పని ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివరలో హుగ్లీ జిల్లానుంచి చికన్ బట్టలు అమ్ముకుంటూ వెళ్ళిన బెంగాలీ ముస్లిం వర్తకులు ట్రెమేలోనే కాపురాలు పెట్టారు. నల్ల, క్రియోల్ స్త్రీలను పెళ్ళాడారు. వాళ్ళ పేరిట పేట నిలవలేదు, హోటలూ లేదు. ‘అసలు’ను వెదికేవాడికి వాళ్ళు కనపడరు, ఎందుకంటే వాళ్ళు కలిసిపోయారు. కలిసిపోవటం కూడా ఒక చరిత్రే.

ఈనాడు అట్లాంటాలో, డల్లాస్‌లో వేలాది తెలుగువాళ్ళున్నారు. అక్కడున్న నా పూర్వ విద్యార్థులు కొందరు ఫోనులో మాట్లాడినప్పుడు అసలైన తెలుగు భోజనం దొరికిన హోటలు గురించి ఆనందంగా చెబుతారు. ఆ ఆనందాన్ని నేను ఆక్షేపించను. పరాయి దేశంలో గోంగూర పచ్చడి తగిలిన నాలుకకు ఇల్లు గుర్తురావటం మానవ సహజం. కాని ‘అసలైన తెలుగు భోజనం’ అంటే ఎవరి భోజనం? వెనకటి తరాల్లో మన పట్నాల్లో ‘బ్రాహ్మణ భోజన హోటలు’ అని బోర్డులుండేవి. ఆ బోర్డు రుచి గురించి కాదు, వండే చెయ్యి గురించి, పక్కన కూర్చునేవాడి గురించి. జొన్న సంకటి, రొయ్యపొట్టు, ఎండు చేపలు, బోటికూర మన జనంలో ఎంతోమంది కూడు. ‘సంప్రదాయ విందు’ పళ్ళెంలోకి ఇవి ఎంతవరకు వచ్చాయి? 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే జరిగిన గొడవ గుర్తుంది కదా. మా కూడు కూడా తెలుగువాళ్ళ కూడే అన్నందుకే ఆ గొడవ.

సాహిత్యంలోనూ ఇదే తంతు. తెలుగుదనం, జాతీయత, నుడికారం అనే మాటలు మనం నిత్యం వాడతాం. కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్న కులాల పలుకుబడిని ‘అసలు తెలుగు’ అనీ, తెలంగాణ మాటనూ, ఉత్తరాంధ్ర మాటనూ, రాయలసీమ మాటనూ ‘యాస’ అనీ చాలాకాలం చలామణీ చేశాం. ‘దేశి’ అంటే నన్నెచోడుడి కాలంనుంచీ గౌరవమే; కాని ఎవరి దేశి అనే ప్రశ్న వేయనంతకాలం దేశి కూడా మార్గమై కూర్చుంటుంది. పళ్ళెంలో స్వచ్ఛతను వెదికే మనస్సే పద్యంలోనూ స్వచ్ఛతను వెదుకుతుంది. రెండుచోట్లా బయటికి నెట్టబడేది ఒకరే.

7

కాబట్టి పరాయివాళ్ళ తిండి తినవద్దని గాని, పేటలకు పోవద్దని గాని నేను అనను. తిండి మానుకోవటం వల్ల ఎవరికీ కూలి పెరగదు. పోవాలి, తినాలి, కాని ప్రశ్నను సగంలో ఆపకూడదు. ‘అసలైనది ఎక్కడ దొరుకుతుంది?’ అన్న వెంటనే ఇంకొన్ని అడగాలి. వంటింట్లో గిన్నెలు కడిగేవాడు ఏ దేశంవాడు, అతని కూలి ఎంత? ఈ పేటలో ఇప్పుడు అద్దె ఎవరు కట్టగలరు? ఈ వంట పుట్టించినవాళ్ళ మనుమలు ఎక్కడున్నారు? పక్క పేట ఏమైంది? ఈ ప్రశ్నలు రుచిని చెడగొడతాయని భయపడేవాళ్ళున్నారు. రుచి అంత బలహీనమైనదని నేను అనుకోను. సమ్మె కథ తెలిసినంతమాత్రాన పో-బాయ్ రొట్టె చప్పబడదు. తిన్నవాడికి రొట్టెతోపాటు ఒక బాధ్యత కూడా అందుతుంది.

జనం చేసిన వస్తువును ప్రేమించి, చేసిన జనాన్ని మరవటం పెట్టుబడిదారీ సంస్కృతి నేర్పే మర్యాద. జానపద గేయాన్ని మెచ్చుకుని పాడినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టటం కూడా ఆ మర్యాదే. ఈ మర్యాదను మన తరగతి గదుల్లోనూ, మన విమర్శలోనూ, మన భోజనాల బల్లమీదా తిరస్కరించటం అభ్యుదయ రచయితల కర్తవ్యం. అసలైనదంటే కల్తీలేనిది కాదు. ఎవరి శ్రమతో తయారయిందో వారి పేరు చెరపకుండా మన దగ్గరికి వచ్చినది.